టేపమ్మ, తిరగేసిన కోటు

టేపమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. అది కాగితాల మీద తప్ప ఎవరి నోటా వినపడదు. ముఖం కడుక్కున్న మరుక్షణం కొలతల టేపు మెడలో వేసుకుంటుంది, మళ్ళీ పక్క మీదికి చేరేటప్పుడే తీస్తుంది. అందుకని వీధి వీధంతా ఆమెను టేపమ్మనే అంటుంది. ఒకసారి కూరగాయల కొట్లో సొరకాయను టేపుతో కొలిచి, నిన్నటిదానికన్నా పొట్టిగా ఉందని బేరమాడిందని చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. సొరకాయ కాదు, పొట్లకాయ.

నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది కానీ అంకెల్లో ఆమెను బోల్తా కొట్టించినవాడు పుట్టలేదు. ఎవరు చెప్పిన కొలతా నమ్మదు. "నా నడుము ముప్ఫై నాలుగండీ" అంటూ వచ్చే మగవాళ్ళు పెళ్ళినాటి నడుము చెబుతున్నారని ఆమెకు తెలుసు. "అలాగే నాయనా, ముప్ఫై నాలుగే. ఈ టేపుకు కూడా ఒక మాట చెప్పి వెళ్ళు. చేతులెత్తు" అంటుంది. తొంభై పాళ్ళు ముప్ఫై తొమ్మిది తేలుతుంది. ఆయన టేపును కోపంగా చూస్తాడు, టేపమ్మ గోడ వైపు చూస్తుంది.

ఆ కొలతలన్నీ ముప్ఫై ఒక్క నోటు పుస్తకాల్లో ఉండేవి. అక్షరాలు తక్కువ, గుర్తులు ఎక్కువ. జారిన భుజానికి చుక్క, వంగిన వీపుకు నెలవంక, వచ్చే నెలకల్లా సన్నబడతామని మాట ఇచ్చినవాళ్ళకు సున్నా. కిందటేడు గోడలోని నీళ్ళ గొట్టం పగిలి, బీరువా కింది అరలు తడిసి, సగం పుస్తకాలు ముద్దయిపోయాయి. అప్పుడు కోడలు కంప్యూటరు కొనిపించింది. నాలుగు నెలలపాటు రోజూ గంటసేపు మిగిలిన పుస్తకాలు అత్త చదవడం, కోడలు టకటకా కొట్టడం.

"ఈ సున్నా ఏంటత్తయ్యా?"

"అది వదిలేయ్. అది నాకూ ఆవిడకూ మధ్య."

పని పూర్తయ్యాక బూజు వాసన కొడుతున్న పుస్తకాలన్నీ చెత్తబండి ఎక్కాయి. కంప్యూటరు ఇస్త్రీ బల్లకూ దారపు ఉండల అరకూ మధ్య కుదురుకుంది. టేపమ్మ దానికి పువ్వుల గుడ్డతో తొడుగు కుట్టింది. అంచుకు పైపింగు, మౌసుకు విడిగా జేబు. కంప్యూటరు వాడటం కూడా నేర్చుకుంది. నంబరు కొట్టి మనిషి కొలతలు బయటికి తీయడం, చీటీ అచ్చు వేయడం, గుండీల బొమ్మలు వెతకడం. ఎవరు అడిగినా అడక్కపోయినా, "అదంతా నేనే చూసుకుంటాను" అని చెప్పేది.

ఈ మధ్య ఆసుపత్రి నర్సులందరికీ యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. నూట నలభై మంది. మూడు రోజులు ఆసుపత్రి వరండాలో నిలబడి ఒక్కొక్కరినీ కొలిచింది. షిఫ్టుల మధ్య పరుగెత్తుకొచ్చి పరుగెత్తుకెళ్ళిన పిల్లలు, మళ్ళీ పిలిస్తే దొరికేవాళ్ళు కాదు. ఆ నూట నలభై మంది కొలతలూ ఇప్పుడు కంప్యూటరులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఎల్లుండి కటింగ్ మొదలుపెట్టాలి. గుడ్డ కోసం కోడలు పొద్దున్నే బస్సెక్కి పక్క ఊరి బజారుకు వెళ్ళింది, రేపు మధ్యాహ్నానికి గానీ రాదు. కొడుకు రైలింజను డ్రైవరు, వారంలో సగం రోజులు పట్టాల మీదే.

వెళ్తూ వెళ్తూ కోడలు గుమ్మంలో ఆగి, "అత్తయ్యా, తెర మీద కొత్తది ఏదైనా కనిపిస్తే ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి" అంది.

"నువ్వు పుట్టకముందే కుట్టు మిషను విప్పి బిగించినదాన్ని. బస్సు పోతుంది, పద."

పదకొండు గంటలకు టేపమ్మ గుండీల బొమ్మల కోసం వెతుకుతూ దేని మీదో నొక్కింది. తెరంతా ఎర్రబారింది. పెట్టెలోంచి మంటలార్పే బండి మోతలాంటిది లేచింది. ఆ వెంటే ఒక ఆడగొంతు, మీ కంప్యూటరులోకి వైరస్ చొరబడింది, ఆపితే ఫైళ్ళన్నీ పోతాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని చెప్పిందే చెబుతోంది. మూయబోతే మూసుకోదు. టేపమ్మ కళ్ళ ముందు నూట నలభై మంది నర్సులు బట్టల్లేకుండా నిలబడ్డారు.

కోడలికి ఫోన్ చేయాలనిపించింది. 'బస్సెక్కి పూటన్నా కాలేదు, అప్పుడే అత్తకు చేతకాలేదు' అనుకుంటుందేమోనని ఆ చేతిని ఈ చేత్తో పట్టుకుని ఆపింది. తెర మీది నంబరుకే ఫోన్ చేసింది. అదీ ఎలా చేసింది? తప్పు పోకూడదని ఆ నంబరును మూడుసార్లు, అంకె అంకెకూ వేలు పెట్టి సరిచూసుకుని మరీ చేసింది. గుడ్డ కోసే ముందు మూడుసార్లు కొలవడం అలవాటు కదా. నంబరును అంత శ్రద్ధగా కొలిచిన మనిషి, అది ఎవరి నంబరన్నది ఒక్కసారి కూడా కొలుచుకోలేదు.

అవతల మగగొంతు. వెన్నలో ముంచి తీసినట్టుంది. కంప్యూటరు కంపెనీ వాళ్ళ టెక్నికల్ విభాగమట.

"కంగారు పడకండి మేడమ్. సరైన సమయానికి ఫోన్ చేశారు. నేను చెప్పినట్టు చేయండి చాలు."

ఏదో పేరు కొట్టమన్నాడు, కొట్టింది. 'సరే' అని కనిపించిన ప్రతిచోటా నొక్కమన్నాడు, నొక్కింది. తొమ్మిది అంకెలు వస్తాయి చదవమన్నాడు, బడిపిల్లలా చదివింది. అంతే, తెర మీది బాణం గుర్తు దానంతట అదే నడవడం మొదలుపెట్టింది. మౌసు మీద ఆమె చెయ్యి లేదు. దెయ్యం పూనిన సూదిలా అది అటూ ఇటూ తిరుగుతుంటే టేపమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"భయపడకండి అమ్మా, నేనే. లోపల చూస్తున్నాను" అన్నాడు. అప్పటికి మేడమ్ పోయి అమ్మ అయింది.

పొడుగాటి పట్టిక ఒకటి తెరిచాడు. వరసలు వరసలుగా ఎర్ర గుర్తులు, పసుపు ముక్కోణాలు.

"చూశారా? నాలుగు వందల పైనే ఉన్నాయి."

"అన్నీ వైరస్సులేనా నాయనా?"

"ఒక్కొక్కటీనమ్మా. సాయంత్రానికల్లా మీ ఫైళ్ళన్నీ తినేస్తాయి. మన దగ్గర అయిదేళ్ళ రక్షణ ఉంది. మీ బ్యాంకు పేజీ తెరవండి, రుసుము కట్టేస్తే ఇప్పుడే శుభ్రం చేసేస్తాను."

టేపమ్మ బ్యాంకు కార్డు కోసం సొరుగు లాగింది. అతను ధైర్యం చెబుతున్నట్టుగా, "మీ తప్పేం లేదమ్మా. పైకి బాగానే ఉంటుంది. లోపల చూస్తేనే తెలిసేది" అన్నాడు.

టేపమ్మ చెయ్యి సొరుగులోనే ఆగిపోయింది.

ఆ మాట ఆమెకు తెలుసు. పొల్లు పోకుండా అదే మాట ఆమె నోటితోనే అన్న రోజుంది. ఇరవై రెండేళ్ళ కిందట, ఎదురు కొట్టు కోటు మాస్టారు కుట్టిన కోటు ఒకటి చేతులు పొట్టి చేయించుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చింది. తెచ్చింది బడి పెద్ద పంతులమ్మ. కోటు మాస్టారికి అప్పట్లో ఊరంతా ఖాతాదారులే. టేపమ్మ కొట్లో ఈగలు తోలుకుంటోంది. కోటు అస్తరు కాస్త విప్పి, తిరగేసి, పంతులమ్మ ముందు పరిచింది. లోపలంతా ముతక కాన్వాసు, అడ్డదిడ్డంగా తెల్లదారపు పొడుగు టాకాలు, ముళ్ళు, పోగులు. "చూశారా అమ్మా, ఎంత గందరగోళమో. పైకి బాగానే ఉంటుంది. లోపల చూస్తేనే తెలిసేది" అంది. పంతులమ్మ నోరు తెరిచింది. మర్నాటి నుంచి ఆ ఇంటి బట్టలన్నీ టేపమ్మ దగ్గరికే వచ్చాయి.

నిజమేమిటంటే, మంచి కోటు లోపల అలాగే ఉంటుంది. ఆ అడ్డదిడ్డం టాకాలే కోటుకు వెన్నెముక. చేత్తో అంత ఓపికగా వేసేవాడు ఆ ఊళ్ళో మరొకడు లేడు. అది టేపమ్మకు అప్పుడూ తెలుసు. బట్టను ఎప్పుడూ తిరగేసి చూడనివాళ్ళకు ఎంత చక్కని కుట్టయినా లోపలివైపు చూపించి భయపెట్టవచ్చు.

ఇప్పుడు తన కంప్యూటరును ఎవడో తిరగేసి చూపిస్తున్నాడు.

సొరుగు నెమ్మదిగా మూసింది. టేపును రెండు చేతులా లాగి పట్టుకుంది. ఎదుటి మనిషిని కొలిచే వేళ అయింది మరి.

"బాబూ, ఈ రోజే కొట్లోంచి తెచ్చిన కొత్త కంప్యూటరులో ఇలాంటి ఎర్ర గుర్తులు ఉంటాయా?"

"అస్సలుండవమ్మా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ ఉండదు. ముందు బ్యాంకు పేజీ తెరవండి."

"తెరుస్తాను. రేపు కోడలు రాగానే దానికి చూపించి, నీకే ఫోన్ చేస్తాను. ఏం?"

"రేపటికి ఏమీ మిగలదమ్మా! ఫోన్ పెట్టేయొద్దు. ఇంట్లోవాళ్ళెవరికీ ఇప్పుడే చెప్పొద్దు, వాళ్ళు తెలియక ఏదో నొక్కేస్తే మొత్తం పోతుంది."

"నలభై ఏళ్ళలో నేను ఎవరికీ 'ఇంటికెళ్ళి మీవాళ్ళనడక్కండి' అని చెప్పలేదు నాయనా. కోటు విషయంలో అబద్ధమాడిన రోజు కూడా చెప్పలేదు."

"ఏ కోటు?"

"నీకెందుకులే."

వెన్న కరిగిపోయింది. అడుగున ఉన్న ఇనుము బయటపడింది. "చూడండి, ఇప్పుడు కట్టకపోతే వీటికి నా పూచీ లేదు" అన్నాడు. బాణం గుర్తు జరజరా పాకి 'కొలతలు' అని రాసి ఉన్న సంచి బొమ్మ మీద నిలబడింది.

టేపమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. వంగి, గోడ దగ్గర ప్లగ్గు పట్టుకుని పీకి పారేసింది. తెర నల్లబడింది. అదే ప్లగ్గు తీగ చివరి బోర్డు మీదున్న ఇస్త్రీ పెట్టె కూడా ఆరిపోయింది.

నిమిషంలో ఫోన్ మోగింది. "లైన్ కట్ అయిందమ్మా."

"అవలేదు. నేనే కత్తిరించాను. అదే నా వృత్తి."

"మీ కంప్యూటరు పాడైపోతుంది!"

"పాడైతే తొడుగు తీసి దిండుకు వేసుకుంటాను. నీ గొంతుకు మాత్రం ఎంత మంచి తొడుగు కుట్టినా లోపలిది దాగదు. పెట్టు ఫోను." మళ్ళీ మోగింది. మళ్ళీ మోగింది. దాన్ని నాలుగు మడతల ఉన్ని గుడ్డలో చుట్టి గుండీల డబ్బాలో పెట్టింది. డబ్బాలో గుండీలు గలగలమంటూనే ఉన్నాయి.

ఒంటి గంటకు కోడలు ఫోన్ చేసింది. "మనకు కావలసిన లేత నీలమే దొరికింది అత్తయ్యా, తానులన్నీ ఒకే రంగు పాకంలో ముంచినవి. అక్కడ అంతా బాగానే ఉందా?"

"ఆ. బాగానే ఉంది" అంది టేపమ్మ. పెట్టేసింది.

ఆ తర్వాత కూర్చుంటే కుదురు లేదు. ఒక లంగా అంచు మడిచి కుడుతూ మూడుసార్లు వేలు పొడుచుకుంది. పీకిన ప్లగ్గు నేల మీద అలాగే పడి ఉంది. రేపు కోడలు వస్తుంది, ఏమీ తెలియక ప్లగ్గు పెడుతుంది. తను తీసిపెట్టిన తలుపు తీసినట్టే ఉంటుంది, వాడు నేరుగా లోపలికొస్తాడు. చెప్పేస్తే కోడలు 'నేను చెప్పాను కదా అత్తయ్యా' అంటుంది. అనకపోయినా, మొహం మాత్రం అలా పెడుతుంది. ఆ మొహాన్ని ఇంట్లో రోజూ చూడాలి. అటు ఆ మొహం, ఇటు నూట నలభై మంది కొలతలు. టేపమ్మ సూది దిండుకు గుచ్చి లేచింది.

"బాగానే ఉందన్నాను కదా. బాగా లేదు" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. మూడుసార్లు సరిచూసుకున్న నంబరుతో సహా.

కోడలు అడ్డు రాకుండా అంతా విన్నది. తర్వాత, "బ్యాంకు పేజీ తెరిచారా?" అంది.

"లేదు."

"కార్డు నంబరు, పాస్‌వర్డు, ఫోనుకు వచ్చిన అంకెలు, ఏమైనా చెప్పారా?"

"తొమ్మిది అంకెలు చదివాను. తెర మీదివి."

"అవి వాడు లోపలికి రావడానికి. ప్లగ్గు మళ్ళీ పెట్టలేదు కదా? పెట్టకండి. ఇంటర్నెట్ డబ్బా తీగ కూడా పీకేయండి. సందు చివర మన బ్యాంకుకు మీరే నడిచి వెళ్ళి, జరిగింది చెప్పి, ఖాతా మీద కన్నేసి ఉంచమనండి. పాస్‌వర్డులన్నీ నేను నా ఫోనులోంచి ఇప్పుడే మార్చేస్తాను."

"ఆ పెద్ద కంపెనీ వాళ్ళు కాదా వాళ్ళు?"

"కాదత్తయ్యా. ఏ కంపెనీ కూడా మన తెర మీద నంబరు రాసి అరవదు. మీ కంప్యూటరు బాగాలేదని వాళ్ళంతట వాళ్ళు ఫోనూ చేయరు. అలా వచ్చిన నంబరుకు ఎప్పుడూ ఫోన్ చేయకూడదు."

"మరి అరుస్తుంటే?"

"అరవనివ్వండి. ఆ పేజీ మూసేయాలి. మూసుకోకపోతే పెట్టె ఆపేసి మళ్ళీ పెట్టుకోవాలి. అంతే."

"అంతేనా! ఆపితే అన్నీ పోతాయంది కదా ఆ మహాతల్లి."

"ఆపితే పోయేది వాడి బేరం. వాడు చూపించిన ఎర్ర గుర్తులున్నాయే, అవి ప్రతి కంప్యూటరులోనూ ఉంటాయి. కొత్త దాంట్లో కూడా. రోజూ జరిగే చిన్నా చితకా రాసుకునే చిట్టా అది. ఇంతకీ దొంగని ఎలా కనిపెట్టారు?"

"అదో కోటు కథ. వచ్చాక చెబుతాను." ఆగి, అడగకుండా ఉండలేక, "నేను చెప్పాను కదా అనవేమే?" అంది.

"అంటాననుకుని చెప్పకుండా ఊరుకునేవాళ్ళు కదా మీరు. అందుకే అనను" అంది కోడలు, నవ్వుతూ.

బ్యాంకులో కళ్ళజోడు అమ్మాయి అంతా విని, "మంచి పని చేశారు. చాలామంది సిగ్గుపడి మూడో రోజున వస్తారు" అంది. సిగ్గు తనకు లేదన్నట్టుగా టేపమ్మ అక్కడున్న నలుగురికీ వినపడేలా కథంతా మళ్ళీ చెప్పింది. మొదటి సగం కాస్త కుదించింది.

మర్నాడు మధ్యాహ్నం లేత నీలం తానులతో కోడలు దిగింది. అన్నం కూడా తినకుండా, ఇంటర్నెట్ తీగ పీకే ఉందో లేదో చూసుకుని ప్లగ్గు పెట్టింది. టేపమ్మ వెనకాల నిలబడి టేపు రెండు కొసలూ మెలిపెడుతోంది. తెర వెలిగింది. కోడలు 'కొలతలు' తెరిచింది.

"ఒకటి నుంచి నూట నలభై. అన్నీ ఉన్నాయి అత్తయ్యా."

"ఊరికే ఉన్నాయంటే సరిపోదు. ఎనభై ఏడో నంబరు చూడు."

"ఎడమ భుజం అరంగుళం జారుడు."

"ఆ. ఆ పిల్లే. ఆ భుజానికే సంచి తగిలించుకుంటుంది" అని టేపమ్మ కుర్చీలో కూలబడింది. ఇరవై నాలుగు గంటల్లో అదే మొదటిసారి సరిగ్గా కూర్చోవడం.

కోడలు అన్నిటికీ ఒక నకలు చిన్న పుల్లలాంటి పెన్ డ్రైవులోకి ఎక్కించింది, నూట నలభై చీటీలూ అచ్చు వేసింది. పెట్టెను మాత్రం తెలిసిన మరమ్మతు కొట్టుకు తీసుకెళ్ళి, ఆ దొంగ తలుపును ఊడబీకించుకు వచ్చింది. ముఖం కనిపించే మనిషి చేసే మరమ్మతే మరమ్మతని టేపమ్మ ఒప్పుకుంది.

ఆ సాయంత్రమే వీధి దాటి ఎదురు కొట్టుకు వెళ్ళింది. కోటు మాస్టారు గుమ్మం ముందు ఎత్తు పీట మీద కూర్చుని గుండీ కుడుతున్నాడు. కళ్ళు మందగించాయి కానీ వేళ్ళకు ఇంకా కళ్ళున్నాయి.

"ఏమ్మా టేపమ్మా, దారి తప్పావా?"

"మాస్టారూ, మీకో సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట పంతులమ్మ కోటు..."

"తిరగేసి చూపించావు. తెలుసు."

"తెలుసా!"

"నన్ను తిట్టిపోయడానికి ఆవిడ తిన్నగా నా దగ్గరికే వచ్చిందిగా."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట అడగలేదేం?"

మాస్టారు దారం కొరికి, గుండీ తిప్పి చూశాడు. "మొదట్లో నాలుగేళ్ళు నీ మొహం చూడాలనిపించలేదు. అది నువ్వు గమనించలేదు, నీ గొడవలో నువ్వున్నావు. తర్వాత అనుకున్నాను, ఈ వీధిలో నా లోపలి కుట్టు విలువ తెలిసినది ఇదొక్కతే. అది తెలిసే దాన్ని చూపించింది దొంగముండ, అని." నవ్వాడు. "ఇవాళెందుకు గుర్తొచ్చింది?"

ఫోను కథ విని, పీట మీంచి పడిపోయేలా నవ్వాడు. "వాడు నాకూ చేశాడమ్మా కిందటి వారం! నా కంప్యూటరులో వైరస్సట. నాకు కంప్యూటరెక్కడిది? కుట్టు మిషను ముందు కూర్చుని పావుగంట మాట్లాడించాను. బొమ్మ కనిపిస్తోందా అంటే, పాదం కనిపిస్తోందన్నాను. నొక్కండి అంటే తొక్కాను. చప్పుడు వినిపించి, అది మోటారులా ఉందే అన్నాడు పాపం."

"ముందే నాకు చెప్పొచ్చు కదా!"

"నువ్వు కంప్యూటరంతా నేనే చూసుకుంటానంటుంటివి."

టేపమ్మ నాలుక కరుచుకుంది. ఆపైన చేతిలోని చీటీ ఒకటి ఆయన ముందు పెట్టింది. "ఆసుపత్రి పెద్ద నర్సుకు కోటు కావాలిట. కాన్వాసు చేత్తో వేయాలి. అది నాకు రాదు. ఇదిగో కొలతలు." నలభై ఏళ్ళలో 'నాకు రాదు' అని ఆమె అనడం ఆ వీధి మొదటిసారి విన్నది. మాస్టారు చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"నువ్వు కొలిచావంటే ఇక నేను కొలవక్కర్లేదు" అన్నాడు.

మూడో రోజు పొద్దున టేపమ్మ కొట్లో బల్ల మీద లేత నీలం పరుచుకుంది. గోడకు మాస్టారు తన కొట్లోంచి తెచ్చిన సగం కుట్టిన కోటు వేలాడుతోంది, లోపలివైపు బయటికి తిప్పి. చూసినవాళ్ళందరికీ అందులో కాన్వాసేదో టాకాలేవో చూపించి చెప్పడానికి మాస్టారు వచ్చి కూర్చున్నాడు. కంప్యూటరు తొడుగు మీద కోడలు సుద్దతో రాసిచ్చిన అక్షరాల మీద టేపమ్మ ఎర్రదారంతో గొలుసు కుట్టు వేసింది: 'తెర మీది నంబరుకు ఫోన్ చేయొద్దు'. వచ్చినవాళ్ళు మొదట నవ్వుతారు. ఆపైన ఒకరిద్దరు గొంతు తగ్గించి, ఎందుకని అడుగుతారు.

మొదటి చీటీ గుడ్డ మీద పెట్టి, సుద్దతో గీసి, మళ్ళీ కొలిచింది, మళ్ళీ కొలిచింది. కత్తెర అందుకుంది. అప్పుడే గుండీల డబ్బా పక్కన ఫోను మోగింది. తెలియని నంబరు.

"అత్తయ్యా, ఎత్తమంటారా?" అంది కోడలు.

"మోగనీ" అంది టేపమ్మ. కత్తెర గుడ్డలోకి కరకరమంటూ సాగిపోయింది.